రేవులో కెమెరా

కార్తిక మాసమున ఒక ఉదయము గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊరి రేవులో మేము నిలిచియుంటిమి. ముందటి దినమున పడవ నడుపు ఒక వృద్ధుని మాటలను రేడియో కొరకు రికార్డు చేసియుంటిమి. అందుకు ప్రతిగా ఆయన కోరినది ఒక్కటే: వెనుక వంతెన కనబడునట్లు తనకొక ఫొటో తీసి హైదరాబాదులోని మనుమరాలికి పంపవలెనని. ఆ ఉదయము ఆయన ఉతికిన చొక్కా తొడుగుకొని వచ్చెను. మేము రెండు చిత్రములు తీసితిమో లేదో, వెనుకనుండి ఒక కంఠము వినబడినది.

"ఎవరినడిగి తీస్తున్నారండీ? వంతెనకు ఫొటో తియ్యకూడదు. చెరిపెయ్యండి."

యూనిఫారములోనున్న ఆ యువకుడు కఠినుడు కాడు. ఆయనకెవరో అట్లు చెప్పియుందురు. ఆయన మాకు చెప్పెను. శ్రోతలు మన్నింతురుగాక, మేము మారు మాటాడక చెరిపివేసితిమి. ఇరువది యేండ్లుగా మైకు ముందు మాటాడుచున్న మాకు ఆ నిమిషమున నోట మాట రాలేదు. వృద్ధుడు మాత్రము "పోన్లెండి బాబూ" అని తెడ్డు తీసికొని వెడలిపోయెను.

ఆ "పోన్లెండి" మమ్ము వదలలేదు. ఇంటికి వచ్చి చట్టమును తిరుగవేసితిమి. ఇట్టి సందర్భములలో తరచుగా వినబడు పేరు 1923 నాటి అధికార రహస్యముల చట్టము. ఆంగ్లేయుల పాలనలో, శత్రువునకు సమాచారము చేరునను భయముతో పుట్టినది. సైనిక స్థావరములు, నౌకా స్థావరములు, ఆయుధాగారములు వంటివి దాని ప్రకారము నిషిద్ధ స్థలములు. అచ్చట కెమెరా ఎత్తువాడు కష్టమును కొనితెచ్చుకొన్నట్లే. కాని రైలుమార్గము, రహదారి, విద్యుత్తు, నీటి సరఫరా పనులు అట్లు కావు. కేంద్ర ప్రభుత్వము రాజపత్రమున ప్రకటించి, ఆ ప్రకటన ప్రతిని ఆంగ్లమునందును, ఆ ప్రాంతపు భాషయందును అచ్చట అంటించినప్పుడే అవి ఆ చట్టము క్రింద నిషిద్ధములగును. అనగా మన సీమలో తెలుగున వ్రాసిన ప్రకటన కంటికి కనబడవలెను. మా రేవులో "ఇచ్చట బట్టలు ఉతకరాదు" అను బోర్డు తప్ప వేరొకటి లేదు. దాని క్రిందనే ఉతుకుచుండిరి.

రాజ్యాంగము 19వ అధికరణమున భావప్రకటన స్వేచ్ఛనిచ్చినది. దానికి హద్దులు కలవు. కాని ఆ హద్దు చట్టము గీయవలెను, దారిన పోవువారి అభిప్రాయము కాదు. పోలీసు స్టేషను సైతము ఆ 1923 నాటి చట్టమునందలి నిషిద్ధ స్థలములలో చేరదని, అందు వీడియో తీయుట ఆ చట్టము క్రింద నేరము కాదని బొంబాయి హైకోర్టు నాగపూరు ధర్మాసనము 2022లో తీర్పు చెప్పినది.

ఇక చెరిపివేయుమను ఆజ్ఞ సంగతి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 106వ సెక్షను ప్రకారము, నేరమును గూర్చి సందేహము కలిగించు వస్తువును పోలీసు అధికారి స్వాధీనపరచుకొనవచ్చును. ఆ సంగతి మేజిస్ట్రేటునకు తెలుపవలెను. చిత్రమును చెరిపించు అధికారము అందు లేదు. తీసినది నేరమైనచో ఆ చిత్రము సాక్ష్యము, దానిని చెరుపరాదు. నేరము కానిచో చెరుపనేల?

నిషేధములలో కొన్ని అలవాటుగా నిలిచినవి. పురావస్తు శాఖ రక్షణలోని పలు కట్టడములలో ఫొటోలు తీయనిచ్చెడివారు కారు. 2018 జూలైలో ఆ శాఖ అజంతా గుహలు, లేహ్ రాజభవనము, తాజమహలు లోపలి సమాధి మందిరము మినహా తక్కినచోట్ల అనుమతించినది. కూడలిలోని విగ్రహమును ఫొటో తీసినచో శిల్పి హక్కునకు భంగము కలుగునేమోయని ఒక మిత్రుడు మమ్మడిగెను. బహిరంగ స్థలమున శాశ్వతముగా నిలిపిన శిల్పమునకు 1957 నాటి కాపీరైటు చట్టమే ఆ మినహాయింపు నిచ్చినది. విమానాశ్రయములకు వేరు నిబంధనలు కలవు. దుకాణమునందును, సినిమా హాలునందును యజమాని వలదన్నచో వలదు.

ఇంతవరకు మా పక్షమే చెప్పుకొంటిమి. ఆ ఉదయమున రేవులో స్త్రీలు కార్తిక స్నానములు చేయుచుండిరి. ఒకామె మా చేతిలోని కెమెరాను చూచి ముఖము త్రిప్పుకొనెను. మేము తీసినది ఆమెను కాదు. ఆ సంగతి ఆమెకెట్లు తెలియును? ఏకాంతమునందున్న స్త్రీని చిత్రించుట భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను క్రింద నేరము. తొలి నేరమునకే ఏడాదికి తక్కువ గాకుండ, మూడేండ్ల వరకు జైలు. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పినది. ఇన్ని యున్నను, ఆమె పక్షమున మమ్మడుగుటకు ఎవ్వరును రాలేదు. వంతెన పక్షమున మాత్రము వచ్చిరి. ఈ సంగతి మాకు చట్టముకంటె ఎక్కువ సిగ్గు కలిగించినది. మైకు పట్టినప్పుడు ఎదుటివారి అనుమతి నడుగుట మాకు వృత్తిధర్మము. కెమెరా పట్టగానే అది ఏల మరచితిమో!

మాఘమాసమున మరల ఆ ఊరికి పోయితిమి. ముందుగా స్నానపు మెట్లకు వీపు పెట్టి నిలిచితిమి. వృద్ధుడు ఈసారి ఉతికిన చొక్కాలో లేడు. పడవకు కీలు పూయుచు, చేతులు నల్లగా చేసికొనియుండెను.

"ఎవరైనా వచ్చి అడిగితే ఏం చేస్తారు బాబూ?" అని ఆయనయే అడిగెను.

"బోర్డు ఎక్కడుందో చూపించండని మర్యాదగా అడుగుతామండీ" అంటిమి.

ఆయన నవ్వి, చేతులు వెనుకకు దాచుకొని, వంతెనకు ముందు నిలిచెను.