మృతుని ఆస్తి – అప్పు, వీలునామా, ఆడబిడ్డ వాటా

 

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో ఒకప్పుడు వాన కోసం ఎదురుచూసిన చెలక భూములు ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక గజాల లెక్కన అమ్ముడవుతున్నాయి. నేల ధర పెరిగిన కొద్దీ, జనాజా లేచిన ఇళ్లలో చాలీస్వా కాకముందే పాసుపుస్తకం ఎవరి దగ్గరుందన్న వాకబు మొదలవుతోంది.

హిజ్రీ 3వ సంవత్సరం ఉహద్ యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయన సోదరుడు ఆస్తినంతా స్వాధీనం చేసుకున్నాడు. సాద్ భార్య తన ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, ఆస్తి లేనిదే ఈ పిల్లలకు పెళ్లిళ్లు ఎలా అవుతాయని మొరపెట్టుకున్నారు. ఆ తర్వాత అన్నిసా సూరాలోని వారసత్వ ఆయతు అవతరించింది. దైవప్రవక్త (స) ఆ సోదరుణ్ణి పిలిపించి, కూతుళ్లిద్దరికీ మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినదే తాను తీసుకోవాలని ఆదేశించారు. ఆమె తన హక్కును నోరు తెరిచి అడిగారు. అందుకు దైవప్రవక్త (స) ఆమెను మందలించలేదు, తీర్పు ఇప్పించారు. మన ఇళ్లలో అడిగిన చెల్లెలికి ఏ పేరు పెడుతున్నామో మనకే తెలుసు.

పంపకానికి ఒక క్రమం ఉంది. మొదట కఫన్-దఫన్ ఖర్చులు, తర్వాత అప్పులు, ఆ తర్వాత వసియ్యత్, చివరకు వారసుల వాటాలు. చెల్లించని మహర్ కూడా అప్పే. భార్య వారసురాలు కావడానికి ముందే ఋణదాత. మూడు దీనార్ల అప్పు మిగిలి ఉన్న ఒక వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) ముందుకు రాలేదు. అబూ ఖతాదా (రజి) ఆ బాధ్యత తీసుకున్న తర్వాతే చేయించారు. వసియ్యత్ మూడో వంతుకు మించరాదు. మిగతా వారసుల సమ్మతి లేనిదే వారసునికి వసియ్యత్ చెల్లదు.

ఒక లెక్క చూడండి. తల్లిదండ్రులు లేని ఒక వ్యక్తి భార్యను, ఇద్దరు కొడుకులను, ముగ్గురు కూతుళ్లను విడిచిపోయాడు. అప్పులు తీరగా మిగిలింది ఎకరం, అంటే 40 గుంటలు. భార్యకు ఎనిమిదో వంతు 5 గుంటలు. మిగిలిన 35లో ఒక్కో కొడుకుకు 10, ఒక్కో కూతురికి 5. ఆ 5 గుంటలు 605 గజాలు! పెళ్లిలో కట్నం ఇచ్చేశాం కదా అని వీటిని కొట్టివేసే అధికారం అన్నలకు ఎవరిచ్చారు? చెల్లెలు మాఫ్ చేసిందంటారు. వాటా ఎంతో చెప్పకుండా, పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంలో పెట్టించిన వేలిముద్ర మాఫీ కాదు. ముందు వాటా ఆమె చేతికి రావాలి, ఆ తర్వాత ఇవ్వడమో మానడమో ఆమె ఇష్టం.

ఇక ఈ దేశపు చట్టం సంగతి. ముస్లిం వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. అయితే బ్యాంకు నిల్వలు, షేర్ల వంటి వాటికి 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద జిల్లా కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం అవసరం పడుతుంది. నామినీగా పేరున్నవాడు సొమ్మును అందుకుంటాడే గాని అంతమాత్రాన యజమాని కాడు. భూమికి తహసీల్దారు దగ్గర విరాసత్ చేయించాలి. 2020లో వచ్చిన ధరణి స్థానంలోకి 2025లో భూభారతి వచ్చింది. వ్యవస్థ పేరు మారింది గాని విరాసత్ అన్న మన మాట కచేరీలో అలాగే ఉంది. రికార్డులో పెద్దకొడుకు పేరొక్కటే ఎక్కినంత మాత్రాన మిగతావారి హక్కు పోదు. తండ్రి లేని మైనర్ల వాటాను అన్నగాని, బాబాయిగాని కోర్టు అనుమతి లేకుండా అమ్మజాలరు. అనాథల సొమ్ము తినేవారు కడుపులో నిప్పు నింపుకుంటున్నారన్న ఖుర్‌ఆన్ హెచ్చరిక ఉండనే ఉంది.

ఆలస్యం ఎంత దూరం పోతుందో చూడండి. విశాఖపట్నంలో ఒక తండ్రి 1968లో ఒక కుమారునికి హిబా కాగితం రాసి, అదే ఏడాది కన్నుమూశారు. రిజిస్టరు కాని ఆ కాగితం చెల్లుతుందా అన్న తగాదా అన్నదమ్ముల మధ్య కోర్టుల వెంట తిరిగి 2011 మే నెలలో సుప్రీంకోర్టులో తేలింది. ప్రకటన, స్వీకారం, స్వాధీనం – ఈ మూడూ ఉంటే హిబా చెల్లుతుందని తీర్పు వచ్చింది. 43 ఏళ్లు! సాక్షుల ముందు స్పష్టంగా రాసి, రిజిస్టరు చేయించి ఉంటే అంత కాలం పట్టేదా?

శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. దేశం నలుమూలల నుండి వచ్చి అక్కడ చట్టం చదువుకుంటున్నారు. మన వితంతువులు మాత్రం చూపినచోట వేలు పెడుతున్నారు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకి, ఆమె ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు, 15100కు ఫోను చేయవచ్చు. ఈ నంబరు ఇంట్లో మీ తల్లికి, భార్యకు, అక్కచెల్లెళ్లకు చెప్పండి. హక్కు విడుదల పత్రం మీద సంతకం చేసేముందు దాన్ని వారికి చదివి వినిపించే మనిషి ఒకరు దొరుకుతారు.