పార్శిల్ చిరునామా

రైలు మార్గం ఉన్న జనగామ, మహబూబాబాద్‌లకు పార్శిళ్లు రైల్లో దిగేవి; రైలు లేని భూపాలపల్లికి బస్సే దిక్కు. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్ కోడ్‌ చిరునామాల తికమకను తగ్గించింది. ఈ మూడు పట్టణాల పిన్‌లూ 506తోనే మొదలవుతాయి. ఆ మూడంకెలు చూడగానే మూట వరంగల్ వైపు వెళ్లాలని తెలుస్తుంది. 1986లో స్పీడ్ పోస్ట్ వచ్చింది.

అసలు మలుపు బార్‌కోడ్. మజిలీ మజిలీకీ దాన్ని స్కాన్ చేస్తారు. పార్శిల్ ఎక్కడుందో ఫోన్‌లోనే కనిపిస్తుంది. 2020లో ఆర్టీసీ కూడా కార్గో సేవలు మొదలుపెట్టింది. ఇంటి నంబరు సరిగా లేని వాడల్లో మాత్రం మ్యాప్ కన్నా ‘గుడి పక్క సందు’ అన్న ఫోన్ మాటే ఎక్కువ పనికొస్తుంది. ఇలాంటి చిక్కు తీర్చడానికి 2025లో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది: సుమారు నాలుగు మీటర్ల చదరానికి ఒక పదక్షరాల సంకేతం.