కారణం అడిగే చోటు



క్వాంటం సిద్ధాంతం వచ్చాక దేవుడున్నాడనే వాదాలు నిలుస్తాయా అని భౌతికశాస్త్రం చదివినవాళ్లను చాలామంది అడుగుతారు. ఇవాళ పట్టాలు అందుకుంటున్న మిమ్మల్నీ రేపు అడుగుతారు. ఇది పెద్ద ప్రశ్న. దానికి వినబడే జవాబుల్లోనే, అటూ ఇటూ కూడా, తొందరపాటు ఎక్కువ.

మన తార్కికులైన నైయాయికుల దగ్గరే మొదలుపెడదాం. కుండకు కుమ్మరి ఉన్నట్టే, జగత్తూ కార్యమే కనుక దానికీ కర్త ఉండాలి. ఉదయనుడు ‘న్యాయకుసుమాంజలి’లో ఈ వాదాన్ని దిట్టంగా నిలబెట్టాడు. తెలుగువాడైన అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహా’నికి తానే రాసుకున్న దీపికలోనూ ఇది ఉంది. మీమాంసకుడు కుమారిలుడు సృష్టికర్తను ఒప్పుకోలేదు. బౌద్ధుడు రత్నకీర్తి ఈ వాదాన్నే ముక్కముక్కలుగా ఖండించాడు. అంటే ఈ వాదం భౌతికశాస్త్రం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు.

మరి క్వాంటం కొత్తగా తెచ్చిందేమిటి? రెండు కార్బన్-14 కేంద్రకాలు తీసుకోండి. అర్ధాయువు సుమారు 5,730 ఏళ్లు. రెండింటికీ ఏ తేడా లేదు. అయినా ఒకటి ఈ క్షణంలో విఘటనం చెందవచ్చు, రెండోది పదివేల ఏళ్లు అలాగే ఉండవచ్చు. ఇది ఇప్పుడే ఎందుకని అడిగితే, పాఠ్యపుస్తకాల్లోని సిద్ధాంతం సంభావ్యత తప్ప మరేమీ చెప్పదు. నైయాయికుల లెక్కలో కారణసామగ్రి పూర్తయితే కార్యం పుట్టి తీరాలి. ఇక్కడ సామగ్రి అంతా ఉంది, కార్యం రాలేదు. అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. దేనికైనా చాలినంత కారణం ఉండాలన్న లైబ్నిజ్ సూత్రానికి ఇంకా గట్టిగా తగిలింది.

నైయాయికుడు ఊరుకోడు, మనకు కనబడని కారణమేదో, తన మాటలో ‘అదృష్టం’, ఉందంటాడు. 1952లో డేవిడ్ బోమ్ దాదాపు ఆ దారే పట్టి, దాగిన చరరాశులతో నియతవాదాన్ని తిరిగి నిలబెట్టాడు. అలాంటివి స్థానికమైనవైతే, అంటే దూరాన జరిగేది ఇక్కడ వెంటనే ప్రభావం చూపనివైతే, క్వాంటం ఫలితాలన్నిటినీ ఇవ్వలేవని 1964లో జాన్ బెల్ చూపాడు. ఆ దిశలో ప్రయోగాలు చేసిన ఆస్పె, క్లౌజర్, సైలింగర్‌లకు 2022లో నోబెల్ వచ్చింది. బోమ్ సిద్ధాంతం స్థానికం కాదు కనుక ఇంకా బతికే ఉంది. కార్యకారణ నియమం కూలిపోయిందని భౌతికశాస్త్రం పేరుతో ఎవరైనా ప్రకటిస్తే ఒప్పుకోకండి.

భక్తులతోనూ ఒక మాట. సూది అయస్కాంతం వైపు కదలడానికి అదృష్టమే కారణమని వైశేషిక సూత్రాలు చెప్పాయి. తర్వాత ఆ కదలికకు మాక్స్‌వెల్ సమీకరణాలు వచ్చాయి. కేంద్రకం ఎప్పుడు విఘటనం చెందాలో దేవుడు నిర్ణయిస్తాడని సంబరపడితే, ఆ దేవుడికి మిగిలేది అంత ఇరుకైన చోటే. భక్తికి అది తగదని నా గట్టి నమ్మకం.

ఇక శూన్యం నుంచి విశ్వం పుట్టిందన్న మాట. 1973లో ఎడ్వర్డ్ ట్రయన్ ఈ ఊహ చేశాడు, 2012లో లారెన్స్ క్రౌస్ ఒక పుస్తకమే రాశాడు. ఆ శూన్యంలో క్వాంటం క్షేత్రాలున్నాయి, వాటిని నడిపే నియమాలున్నాయి. తత్వవేత్త డేవిడ్ ఆల్బర్ట్ ఎత్తిచూపింది అదే, నేనూ ఆయన పక్షమే. ఆ క్షేత్రాలు అసలెందుకున్నాయో ఏ ప్రయోగమూ ఇంతవరకు చెప్పలేదు. అందుకని ఈశ్వరుడు సిద్ధించినట్టూ కాదు. జగత్తు మొత్తం కుండలాంటి కార్యమేనని ముందు రుజువు చెయ్యమని బౌద్ధుడు నైయాయికుణ్ణి ఇప్పటికీ అడగవచ్చు.