కుంటలలో వేటచేపలు, పరిగెలు: రైతులకు ఉపన్యాసము

సొంత కుంటలో బొచ్చె, శీలవతి పిల్లలను విడిచి, సంవత్సరాంతమున వల వేయగా నాలుగు వాలుగలును, గంపెడు పరిగెలును మాత్రమే పొందిన రైతులు పెక్కుమంది కలరు. పిల్లల నమ్మినవాడు మోసగించెనని కొందఱును, రాత్రి దొంగలు పడిరని కొందఱును తలంతురు. దొంగ తఱచుగా నీటిలోనే యుండును.

బొచ్చె, శీలవతి, ఎఱ్ఱమోసు జాతులు వరదకాలమున నదులలో గ్రుడ్లు పెట్టునుగాని నిలువనీటి కుంటలో పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి, అలికున్హి గారలు సూదిమందుచే వీనిని గ్రుడ్లు పెట్టించిరి. తరువాతనే పిల్లలు సులభముగా లభింపసాగెను. అయినను కుంటలో చచ్చిన పిల్లకు మాఱుపిల్ల పుట్టదు. పరిగెలును, కొర్రమట్టలును అట్లు గావు. అవి కుంటలోనే యీనును. కొర్రమట్ట జంట తన పిల్లలకు కావలి కూడ కాయును. అనగా రైతు కొన్నవి తఱుగుచు, కొననివి పెరుగుచుండును.

అయినచో వేటచేపలను నిర్మూలించిన చాలునా? చాలదు. అప్పుడు పరిగెలు మితిమీఱి, రైతు చల్లిన తవుడును, తెలగపిండిని తామే తినివేయును. అమెరికాలోని అలబామా కుంటలను పరిశోధించిన స్వింగిల్ గారు, మేతచేపల మొత్తపు తూకము వేటచేపల తూకమునకు 3 మొదలు 6 రెట్లుండుట మేలని 1950లో ప్రకటించిరి. అచ్చట రెండు తెగలును కుంటలోనే యీనును. ఇచ్చట కొన్న పిల్లలట్లు పెరుగవు గనుక తూకమును రైతు వలయే నిలుపవలయును.

ముందుగా వేసవిలో కుంట నెండగట్టవలయును. కొర్రమట్ట గాలి పీల్చి బురదలో బ్రతుకగలదు గావున, నీరెండినదని నమ్మి యూరకుండరాదు. బురద త్రవ్వి చూడవలయును. ఎండగట్ట వీలులేనిచో మీటరు లోతున్న యెకరము నీటికి సుమారు 1,000 కిలోల ఇప్పపిండి చల్లి, మూడు వారములు గడచిన పిమ్మటనే పిల్లలను విడువవలయును. నీరు వచ్చు కాలువకు సన్నని జాలి కట్టనిచో ఈ శ్రమయంతయు వ్యర్థము.

వేటచేప ఎరను నమలదు, మ్రింగును. కావున నాలుగైదు అంగుళముల పిల్లలనే కొనవలయును. అంగుళపు పిల్లలు చౌకయేగాని మిగులవు. అవి బాగుగా నెదిగిన పిదప, పరిగెలు హెచ్చినచో, వానికంటె చిన్నవైన కొర్రమట్ట పిల్లలను కొద్దిగా, ఒకే పరిమాణముగలవానిని విడువవచ్చును. పెద్దది చిన్నదానిని తినుట వాని స్వజాతిలోను కలదు. వాలుగను మాత్రము ఎన్నడును విడువరాదు.

నెలకొకమాఱు వల వేసి చూడవలయును. వలనిండ పరిగెలే యున్నచో కొర్రమట్టలను ముట్టరాదు. పరిగెలు కానరానిచో వానిని వెంటనే పట్టి అంగడికి పంపవలయును. మంచి ధర పలుకును, తొలకరికి విడువబోవు పిల్లలకును భయము తీరును.