వైద్యవిద్యయందు మూడవ వత్సరము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ప్రతి వత్సరమును మన మహాసభయందు వైద్యకళాశాలలో ప్రవేశము సంపాదించిన బాలబాలికలను వేదికపైకి పిలిచి, శాలువలు కప్పి, పారితోషికము లొసగి సత్కరించుచున్నాము. ఇది ముదావహమే. కాని ఆ విద్యార్థి రెండేండ్లు గడచిన పిదప ఏ వార్డులో నిలిచియున్నాడో, ఏ రోగి మంచము చెంత ఏమి నేర్చుకొనుచున్నాడో మనలో నడుగువారు లేరు. వైద్యవిద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను ప్రవేశపరీక్షను గూర్చి చెప్పుదునని వారు తలచియుందురు. ఆ విషయము చెప్పువారు పెక్కండ్రు కలరు. నేను మూడవ వత్సరమును గూర్చి, ఆ యేట విద్యార్థి ఆసుపత్రిలో గడపవలసిన దినముల యేర్పాటును గూర్చి మాత్రము విన్నవించెదను.

ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర యేండ్లు. ఆపైన ఒక యేడు హౌస్ సర్జను పని. మొదటి యేట శరీరనిర్మాణాది శాస్త్రములు, రెండవ యేట రోగశాస్త్రము, ఔషధశాస్త్రము మున్నగునవి. వార్డులకు పోవుట రెండవ యేటనే ఆరంభమగును గాని, అప్పటికి విద్యార్థి చూచినదానిని విచారించుటకు వలయు జ్ఞానము చాలదు. మూడవ యేటనే చదివినదియు చూచినదియు కలియును. ఉదయము వార్డు, మధ్యాహ్నము పాఠములు. విద్యార్థులను జట్లుగా విభజించి మెడిసిను, సర్జరీ, ప్రసూతి, శిశువైద్యము, కన్ను, చెవి ముక్కు గొంతు, ఎముకలు, చర్మము, మనోవ్యాధులు అను శాఖలకు వంతులవారీగా పంపుదురు. వీనినే పోస్టింగులందురు. కొన్ని శాఖలకు నాలుగు వారములు, కొన్నింటికి రెండే వారములు. ఈ వంతులు కళాశాలవారు నిర్ణయింతురు, విద్యార్థి మార్చుకొనజాలడు. అతని చేతిలో నున్నది ఆ దినములను నింపుకొనుట యొక్కటియే. ఆ దినములను చెడగొట్టుట మాత్రము తరచుగా మనచేతిలో నున్నది.

ఎట్లందురా? రెండు వారముల పోస్టింగులో ఆదివారములు పోగా పండ్రెండు ఉదయములు మిగులును. అందు పినతండ్రి కుమార్తె వివాహమునకు నాలుగు, గృహప్రవేశమునకు ఒకటి తీసివేసినచో మిగిలినవి ఏడు. అంతలో జట్టు మరియొక శాఖకు పోవును. మాఘ ఫాల్గుణములు వచ్చినవనగా మన యిండ్లనుండి కాకినాడకు, విశాఖపట్టణమునకు ఫోనులు మ్రోగుచునే యుండును. ఆడపిల్ల యైనచో పెండ్లిచూపుల కని మరి రెండుమారులు పిలిపింతురు. వార్డు హాజరు నూటికి ఎనుబది యుండవలెనని నియమము కలదు. ఏదో విధముగా ఆ లెక్క సరిపెట్టుకొనవచ్చునని తండ్రులు ధైర్యముగా నుందురు. లెక్క సరిపోవచ్చును గాక, ఆ యైదుదినములలో వార్డునకు వచ్చి పోయిన రోగులు తిరిగి రారు.

ఇక దినములను నింపుకొను విధము. లాగ్ బుక్కులో సంతకములు ప్రోగుచేయుటయే పనిగా పెట్టుకొని, దినమునకు పదిమంది రోగులను తొంగిచూచి పోవు విద్యార్థులు కలరు. నా యభిప్రాయములో వారమునకు ఇద్దరు రోగులు చాలును. కాని ఆ యిద్దరిని చేరిన దినమునుండి ఇంటికి పోవు దినమువరకు విడువరాదు. సర్జరీ వార్డున నున్నప్పుడు శస్త్రచికిత్సకు పూర్వదినము ఆ రోగి కడుపును తన చేతితో పరీక్షించి, మరునాడు ఆపరేషను గదిలో నిలిచి లోపల నున్నదేమో చూచి, పిదప గాయము మానువరకు కట్టు మార్చుట చూడవలెను. ఆ రాత్రి పుస్తకమున చదువవలసినది ఆ రోగి వ్యాధినే గాని పాఠ్యక్రమములోని తరువాతి ప్రకరణమును గాదు. పోస్టింగు ముగియుటకు ముందు ఒక దినమైనను కేస్ షీటును తానే మొదటినుండి తుదివరకు వ్రాసి, పైవారిచే దిద్దించుకొనవలెను. ఎర్రసిరాతో దిద్దబడిన కాగితమును దాచుకొను విద్యార్థిని నేను మిక్కిలి మెచ్చుకొందును.

భాషను గూర్చి యొక మాట. మన పిల్లలు చిన్ననాటినుండి ఇంగ్లీషు బడులలో, కోచింగు వసతిగృహములలో పెరిగినవారు. కోనసీమనుండి వచ్చిన వృద్ధురాలు "వేడి చేసింది నాయనా, గుండెల్లో గాబరాగా ఉంది" అనినచో, అది కడుపులోని మంటయో, గుండెజబ్బుయో, మూత్రములోని మంటయో తెలిసికొనుటకు మరి నాలుగు ప్రశ్న లడుగవలెను. ఆ ప్రశ్నలు తెలుగున నడుగుట ఏ పుస్తకమునందును లేదు. రంపచోడవరము కొండలనుండి వచ్చు కోయవారి విషయములో మన తెలుగును చాలదు. వెంట వచ్చిన బంధువునే దుబాసిగా చేసికొనవలసియుండును. దీనికి ఓపిక కావలెను, దినములును కావలెను.

రాత్రులను గూర్చి చెప్పుటకే నేను ముఖ్యముగా వచ్చితిని. ఉదయము తొమ్మిదింటికి వచ్చి మధ్యాహ్నమునకు పోవు విద్యార్థి మన డెల్టాలోని కొన్ని వ్యాధులను చూడనే చూడడు. కట్లపాము రాత్రివేళ నేలపై పరుండినవారిని కరచును. నొప్పి యంతగా నుండదు, గాటు కానరాకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పియని లేచి, కనురెప్పలు వాలి, మాట ముద్దయై ఆసుపత్రికి వచ్చును. ఆ గడియలో క్యాజువాలిటీలో నున్న విద్యార్థి ఆ వాలిన రెప్పలను జన్మములో మరువడు. రక్తపింజరి కరచినవానికి చేయు పరీక్షయు నట్టిదే. రెండు మిల్లీలీటర్ల రక్తమును శుభ్రమైన గాజునాళికలో పోసి, ఇరువది నిమిషములు కదపకుండ నుంచి, వంచి చూడవలెను. గడ్డకట్టనిచో విషమెక్కినదని యర్థము. పెద్ద యంత్ర మేదియు అక్కరలేదు, గడియారమును ఓపికయు చాలును. వరిచేలలో బ్రదుకు మన జిల్లాలకు ఇంతకంటె పనికివచ్చు పాఠ మేదియో నాకు తోచదు.

బోదకాలును తలచుకొనుడు. గోదావరి మండలములను తరతరములుగా పీడించిన యీ వ్యాధియొక్క సూక్ష్మక్రిములు రాత్రివేళనే రక్తనాళములలో సంచరించును. అందువలన రక్తమును రాత్రియే తీయుదురు. ఆ వ్యాధికి డై ఇథైల్ కార్బమజీను అను మందు 1947లో వెలువడినది. ఇంటింటికి పంచబడిన డీ.ఈ.సీ. మాత్ర అదియే. అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున ఆ పని నడపినవారు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. చెన్నపురి వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందులకు శస్త్రచికిత్సాచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే బయటపడిన విద్యార్థి ఆయన. ఆయన చిత్రపటమునకు పూలదండ వేయు మనము, రాత్రి డ్యూటీకి పోవలసిన మన పిల్లను మాత్రము "చీకటి పడినది, గది విడిచి పోవలదు" అని వారించుచున్నాము. తల్లుల భయము అకారణము గాదు. ఆ భయమునకు మందు ఆసుపత్రికి నడచి పోగల దూరములో వసతి. వట్టి ధైర్యవచనములు గావు. మన వసతిగృహనిధిలో కొంతభాగమును దీనికి కేటాయింపవలెనని నా ప్రార్థన.

ఇప్పుడు కొందరికి రుచింపని సంగతి. "మా వానిని మనవాడైన ప్రొఫెసరుగారి యూనిట్టులో వేయింపుడు" అని నాయొద్దకు వచ్చువారు కలరు. ఎవరి యూనిట్టులో రోగులెక్కువ, ఎవరు మంచము చెంత నిలిచి పాఠము చెప్పుదురు అని అడిగినచో నేను సంతోషముతో చెప్పుదును. మనవాడగుట యను నర్హత వార్డులో నెందులకును పనికిరాదు. పైగా, మనవాడగుటచేతనే గట్టిగా మందలింపక విడిచిపెట్టు ప్రమాదము కలదు.

సమాజవైద్యము అను శాఖను విద్యార్థులు విశ్రాంతిగా నెంచుదురు. 2020వ సంవత్సరము డిసెంబరులో ఏలూరున జరిగినది వారికి జ్ఞాపకము చేయుదును. ఉన్నట్టుండి జనులు మూర్ఛలతో పడిపోయిరి. కొలది దినములలో ఆరువందలకు మించిన మంది ఆసుపత్రికి వచ్చిరి. ఢిల్లీ ఎయిమ్సువారు కొందరి రక్తమున సీసము, నికెలు కలవని చెప్పిరి. పురుగుమందుల మీదను అనుమానము కలిగెను. ఆ దినములలో వైద్యులకు రోగిని పరీక్షించుటతో పని తీరలేదు. ఏ వీధివారు, ఏ నీరు త్రాగిరి, ఏ కూర తినిరి అని ఇంటింట నడుగవలసివచ్చెను. ఆ యడుగుటయే ఈ శాఖ నేర్పు విద్య.

1958లో కాకినాడయందు రంగరాయ వైద్యకళాశాల దాతల చేయూతతో వెలయువరకు మన జిల్లాల విద్యార్థులు ఇతర పట్టణములకు పోవలసియుండెను. 2023లో రాజమహేంద్రవరమునను ఏలూరునను ప్రభుత్వకళాశాలలు తెరువబడినవి. సంతోషమే. కాని క్రొత్త కళాశాలలో మొదటి జట్టునకు పైతరగతివారు లేరు. ఏ పోస్టింగునకు ముందు ఏమి చదువవలెను, ఏ సిస్టరుగారిని మర్యాదగా నడిగినచో ఇంజెక్షను చేయుట నేర్పును, క్యాజువాలిటీలో ఏ రాత్రి రద్దీ యెక్కువ అను సంగతులు కాకినాడలో పైవారినుండి క్రిందివారికి నోటిమాటగా వచ్చును. క్రొత్తచోట ఆ నోరు లేదు. మన సంఘములోని వైద్యులు నెల కొకమారు ఒక సాయంకాలమున ఆ పిల్లలతో కూర్చున్నచో ఈ లోటు చాలవరకు తీరును.

తుదకు ఐచ్ఛికమను నేర్పాటు. 2019 నాటి పాఠ్యక్రమమున మూడవ యేటికిని చివరి భాగమునకును నడుమ రెండు విడతల కాలము విద్యార్థి యిష్టమునకు విడువబడినది. తరువాత దాని నిడివి తగ్గించిరి. మొదటి విడత ప్రయోగశాలయందో పరిశోధకునియొద్దనో. రెండవది ఆసుపత్రి శాఖలలో నొకదానియందో, పెద్దల పర్యవేక్షణక్రింద గ్రామ పట్టణ చికిత్సాలయములయందో గడుపవచ్చును. పోస్టింగులలో విద్యార్థి స్వయముగా నెన్నుకొనగల భాగ మిదియొక్కటే. హైదరాబాదులోని పెద్ద కార్పొరేటు ఆసుపత్రికి పోయి, అద్దముల వెనుక నిలిచి యంత్రములను చూచి వచ్చుటకంటె, కళాశాలవారి యనుమతితో అమలాపురము, రాజోలు, తుని వంటిచోట్ల పనిచేయు అనుభవజ్ఞుని చెంత కూర్చుండుట మేలని నా నమ్మకము.

అందులకై డెల్టాలో విద్యార్థులను చేర్చుకొనుటకు సమ్మతించు వైద్యుల పట్టిక నొకదానిని సిద్ధపరుపవలెను. అది మన పిల్లలకే పరిమితము కావలెనా అని కార్యవర్గములో చర్చ జరిగినదని వింటిని. కూడదని నా మనవి. రంగరాయ కళాశాలను నిలిపిన దాతల ధనముతో చదివినవారిలో అన్ని కులములవారును కలరు. వారి చేతులలో కాన్పులైన తల్లులలో మనవారును కలరు. వైద్యసోదరులు తమ పేరు, ఊరు, ఏ నెలలో ఎందరిని చేర్చుకొనగలరో భోజనవిరామమున కార్యదర్శిగారియొద్ద వ్రాయింపగోరెదను. మొదటి పంక్తిలో నా పేరు నేనే వ్రాసి వచ్చితిని. ఇద్దరు విద్యార్థులకు భోజనవసతులు మా యింటనే కలవు. ఇక సెలవు.