ఏలియన్స్ మన బుర్రల్ని పట్టేసి అణు కేంద్రాన్ని పేల్చగలరా?

చోడవరం నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చాను. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద మా జిల్లా అనకాపల్లి అయింది గానీ, మా నోటికి ఇంకా విశాఖపట్నం జిల్లా అనే వస్తుంది. ఏమీ అనుకోకండి.

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. ఫోన్లలో ఒక రకం వీడియోలు తిరుగుతున్నాయి కదా, ఆకాశంలో ఏదో వెలుగు కనిపిస్తుంది, కింద అణు విద్యుత్ కేంద్రంలో ఆపరేటర్లు బొమ్మల్లా లేచి వద్దన్న స్విచ్‌లే నొక్కేస్తారు, అంతా ఏలియన్ల మైండ్ కంట్రోల్ అంటారు. "అన్నా, మన అచ్యుతాపురం దగ్గర బార్క్ వాళ్ళ కేంద్రం ఉంది, రేపు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెద్ద ప్లాంటు కడతామంటున్నారు, ఇక్కడ ఇలాంటిది జరిగితే ఏటి పరిస్థితి?" అని ఒక తమ్ముడు అడిగాడు. నవ్వేసి వదిలేసే ప్రశ్న కాదిది. ఏలియన్ సంగతి పక్కన పెడితే, లోపలున్న మనిషి బుర్ర తప్పుదారి పడితే ఏమవుతుంది అన్నది నిజమైన ప్రశ్నే.

ముందు మన విశాఖ ఏలియన్ల దగ్గర మొదలుపెడదాం. అవును, మనకీ వచ్చారు! 2017 నవంబర్లో వైజాగ్‌లో కడుతున్న ఒక బిల్డింగులో తీసిన వీడియో దేశమంతా తిరిగింది, గుర్తుందా? సన్నటి శరీరాలు, తెల్లటి పొడుగు మొహాలు, నల్లటి కళ్ళు, రెండు కాళ్ళ మీద నిటారుగా నిలబడి కెమెరా వైపే చూస్తున్న జీవులు. ఏలియన్లు దొరికేశారని టీవీల్లో కూడా వేశారు. తీరా చూస్తే అవి తెల్ల గుడ్లగూబ పిల్లలు. ఇంగ్లిష్‌లో బార్న్ ఔల్ అంటారు. ఈకలు పూర్తిగా రాకముందు అవి అచ్చం అలాగే ఉంటాయి. పాపం, గూట్లో ఉన్నవి ఎవరో లైటు వేసేసరికి బెదిరిపోయి నిలబడ్డాయి. మనం రోజూ చూడని పిల్లల్ని చూసి వేరే గ్రహం అనేశాం. వీడియో అబద్ధం కాదండోయ్, అందులో ఉన్నది నిజంగానే ఉంది. దానికి మనం పెట్టుకున్న పేరే తప్పు.

అణ్వాయుధాలూ, ఆకాశంలో వెలుగులూ అనే కథకి అసలు ఊరు అమెరికాలోని మోంటానా. అక్కడ మాల్మ్‌స్ట్రామ్ అనే ఎయిర్‌ఫోర్స్ స్థావరం ఉంది. 1967 మార్చి 16న ఎకో ఫ్లైట్ అనే విభాగంలో ఉన్న 10 మినిట్‌మన్ అణు క్షిపణులు కొద్దిసేపట్లో ఒకదాని వెనక ఒకటి పని చేయడం మానేశాయి. ఇది జరిగిన మాటే, రికార్డుల్లో ఉంది. రాబర్ట్ సాలస్ అనే మాజీ అధికారి చాలా ఏళ్ళ తర్వాత, అదే నెలలో తన డ్యూటీలో కూడా ఇలాగే జరిగిందనీ, గేటు మీద ఎర్రగా వెలిగే వస్తువు కనబడిందని గార్డులు తనకి ఫోన్ చేశారనీ చెప్పాడు. 2010 సెప్టెంబర్లో వాషింగ్టన్‌లో ప్రెస్‌మీట్ పెట్టి మరీ చెప్పాడు. అప్పట్లో దర్యాప్తు చేసినవాళ్ళు మాత్రం కంట్రోల్ వ్యవస్థలోని ఒక విడిభాగం దగ్గర దూరిన ఎలక్ట్రికల్ పల్స్ వల్ల ఇలా కావచ్చని తేల్చారు. 2025 జూన్‌లో వాల్ స్ట్రీట్ జర్నల్ ఇంకో మాట రాసింది: సాలస్ చెప్పిన ఆ వెలుగు, విద్యుదయస్కాంత పల్స్‌ని తట్టుకుంటాయో లేదో చూడటానికి సైన్యమే రహస్యంగా చేసిన పరీక్ష అని. ఇదే నిజమైతే ఒక్కసారి ఆలోచించండి. సొంత సైనికులకే చెప్పకుండా పరీక్ష పెట్టారు, వాళ్ళు యాభై ఏళ్ళు ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారు.

సరే, మైండ్ కంట్రోల్ అసలు సాధ్యమేనా? ఆసుపత్రుల్లో టీఎంఎస్ అనే యంత్రం ఉంది. తలకి ఆనించి పెట్టిన తీగచుట్టలోంచి అయస్కాంత పల్స్ పంపితే, మీరు కదపకుండానే మీ వేలు కదులుతుంది. డిప్రెషన్‌కి దీంతో చికిత్స కూడా చేస్తారు. కానీ చుట్ట తలకి అంటుకునే ఉండాలి. ఒక జానెడు దూరం జరిపితే ప్రభావం దాదాపు పోతుంది. పైగా అది వేలుని కదుపుతుంది గానీ "వెళ్ళి ఆ మూడో వాల్వు తిప్పు" అనే ఆలోచనని పుట్టించలేదు. ఆకాశంలోంచి అయితే ఇక చెప్పక్కర్లేదు.

కానీ ఫ్రెండ్స్, మనిషి బుర్రని ఏమార్చడానికి తలలోకి దూరక్కర్లేదు. ఎదురుగా ఉన్న మీటర్ చాలు.

1979 మార్చి 28 తెల్లవారుజామున 4 గంటలు. అమెరికా పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రం. పంపులు ఆగాయి, రియాక్టర్ దానంతటదే ఆగింది, పీడనం పెరిగితే పైనున్న ఒక వాల్వు తెరుచుకుంది. ఇంతవరకు అంతా పద్ధతి ప్రకారమే. పీడనం తగ్గాక ఆ వాల్వు మూసుకోవాలి. అది ఇరుక్కుపోయింది. లోపలి నీరు దాంట్లోంచి పోతూనే ఉంది. కంట్రోల్ రూమ్‌లో లైటు మాత్రం ఆరిపోయింది, అంటే వాల్వు మూసుకున్నట్టు. ఇక్కడే ఉంది కిటుకు. ఆ లైటు చూపించేది వాల్వు మూసుకుందా లేదా అని కాదు. మూసుకో అని కరెంటు ఆర్డరు వెళ్ళిందా లేదా అని మాత్రమే! మన భాషలో చెప్పాలంటే, మోటార్ స్విచ్ వేశాను కాబట్టి పొలంలో నీళ్ళు పారుతున్నాయి అనుకున్నట్టు. మా గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు వెళ్ళి బాయిలర్ దగ్గర పనిచేసినవాళ్ళని ఎవర్నైనా అడగండి, మీటర్ని ఎంత నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో కథలు కథలుగా చెప్తారు.

ఆపరేటర్లు ఆ లైటుని నమ్మారు. ఇంకో మీటర్ చూసి లోపల నీళ్ళు ఎక్కువైపోయాయి అనుకున్నారు. ఎమర్జెన్సీగా నీళ్ళు పంపే పంపుల్ని వాళ్ళ చేత్తో వాళ్ళే తగ్గించేశారు. మొదటి కొన్ని నిమిషాల్లోనే వందకి పైగా అలారాలు మోగాయట, ఏది ముఖ్యమో ఎవరికి తెలుస్తుంది? రెండు గంటల ఇరవై నిమిషాలు ఆ వాల్వు తెరిచే ఉంది. అప్పటికే ఆలస్యమైంది. రియాక్టర్ గుండెలో సగం దాకా కరిగిపోయింది. బయట నుంచి చూస్తే అచ్చం మీ వాట్సాప్ వీడియోలోలాగే ఉంటుంది: చదువుకున్న, శిక్షణ పొందిన మనుషులు వరసగా చేయకూడని పనే చేస్తున్నారు. ఒక విచిత్రం ఏంటంటే, అణు ప్రమాదం మీద తీసిన "ది చైనా సిండ్రోమ్" సినిమా దీనికి సరిగ్గా 12 రోజుల ముందే విడుదలైంది. ఇప్పుడైతే దాని మీదే వంద కుట్ర వీడియోలు వచ్చేవి.

లోపలున్నవాళ్ళు అనుకోకుండా మోసపోయారు ఇక్కడ. కావాలనే మోసం చేసిన కేసు కూడా ఒకటుంది, ఏలియన్ కథకి దీనికంటే దగ్గరిది నాకు కనబడలేదు. ఇరాన్‌లో నతాంజ్ అనే చోట యురేనియం శుద్ధి చేసే వేల సెంట్రిఫ్యూజ్‌లు ఉండేవి. ఒక్కోటి సెకనుకి సుమారు 1,064 సార్లు తిరిగేది. 2010లో స్టక్స్‌నెట్ అనే వైరస్ బయటపడింది. ఆ కేంద్రానికి ఇంటర్నెట్ కనెక్షన్ లేదు, వైరస్ పెన్‌డ్రైవ్‌ల లాంటి వాటి ద్వారా లోపలికి పోయింది. పోయి ఏం చేసింది? ఉన్నట్టుండి ఆ వేగాన్ని 1,410కి పెంచుతుంది, మరోసారి 2కి దించేస్తుంది. యంత్రాలు పాడైపోతాయి. అదే సమయంలో, ముందే రికార్డు చేసిపెట్టుకున్న మామూలు రీడింగుల్ని కంట్రోల్ వ్యవస్థకి తిప్పి పంపుతూ ఉంటుంది. సీసీ కెమెరాకి పాత వీడియో చూపించే దొంగ సినిమా సీనే ఇది. ఆపరేటర్ తెర మీద అంతా బాగుంది, కింద హాల్లో యంత్రాలు చస్తున్నాయి. వాళ్ళు తమ పనినే, తమ మనుషుల్నే అనుమానించుకుని ఉంటారు. దీని వెనక అమెరికా, ఇజ్రాయెల్ ఉన్నాయని పత్రికలు రాశాయి. ఆ దేశాలు మాత్రం అధికారికంగా ఒప్పుకోలేదు.

మన దేశంలో కూడా 2019లో తమిళనాడు కుడంకుళం విషయంలో గోల వచ్చింది. అక్టోబర్ 29న ప్లాంటు వాళ్ళు సైబర్ దాడి వార్తలు తప్పు అన్నారు. మర్నాడే ఎన్‌పీసీఐఎల్, వైరస్ దొరికిన మాట నిజమే అంది. ఆఫీసు పనులకి వాడే నెట్‌వర్క్‌కి కలిపిన ఒక కంప్యూటర్లో మాత్రమే దొరికిందనీ, ప్లాంటుని నడిపే వ్యవస్థలు దానికి వేరుగా ఉన్నాయనీ చెప్పింది. రియాక్టర్‌కి ఏమీ కాలేదు, మంచిదే. కానీ ముందు రోజు లేదు, తర్వాత రోజు ఉంది అంటే జనం దేన్ని నమ్మాలి? ఏలియన్ వీడియోలకి మేత దొరికేది ఇక్కడే.

మనుషుల బుర్ర చెడగొట్టడమే కాదు, కాపాడటం కూడా చూశాం. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైన్ రెక్కలు విరిగి, హైడ్రోజన్ అంటుకుని, కేబుళ్ళన్నీ కాలిపోయాయి. దాదాపు 17 గంటలు స్టేషన్ అంతా కరెంటు లేదు. మీటర్లు లేవు, లైట్లు లేవు. ఆ చీకట్లో టార్చిలైట్లు పట్టుకుని పైకి ఎక్కి, చేత్తో వాల్వులు తిప్పి, రియాక్టర్ మళ్ళీ రాజుకోకుండా బోరాన్ ద్రవాన్ని వదిలినవాళ్ళు అక్కడి సిబ్బందే. వాళ్ళ మీద మీకెవరైనా ఒక్క రీల్ అయినా ఫార్వర్డ్ చేశారా?

ఇప్పుడు మన ఇంటి గుమ్మంలోకి వద్దాం. అణు ప్రమాదం కాదు గానీ, మనకి బాగా తెలిసిన రాత్రి. 2020 మే 7, వెంకటాపురం, ఎల్‌జీ పాలిమర్స్. లాక్‌డౌన్లో కదలకుండా ఉన్న ట్యాంకులో స్టైరీన్ దానంతటదే వేడెక్కింది. ఉష్ణోగ్రత 150 డిగ్రీలు దాటి ఆవిరి బయటికి తన్నుకొచ్చింది. నిద్రలో ఉన్న జనం లేచి పరిగెత్తి రోడ్ల మీదే పడిపోయారు. 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హై పవర్ కమిటీ జూలైలో నివేదిక ఇచ్చింది. అందులో రెండు సంగతులు నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఒకటి, ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచేది అడుగున మాత్రమే. పైన ఉడికిపోతున్నా మీటర్‌కి తెలీదు. త్రీ మైల్ ఐలాండ్ లైటు గుర్తొచ్చిందా? రెండోది, సైరన్. ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటు ఉంది. ఒక్క చోటు నుంచి కూడా మోగించలేదు.

ఆ రోజు రాత్రి మళ్ళీ లీకవుతోందని ఫోన్లలో మాట పాకింది. ఎక్కడెక్కడి వాళ్ళో పిల్లల్ని ఎత్తుకుని, బళ్ళ మీద, నడుచుకుంటూ, అర్ధరాత్రి రోడ్డెక్కారు. వాళ్ళని తప్పు పట్టను. తెల్లవారుజామున మోగాల్సిన సైరన్ మోగకపోతే, రాత్రికి జనం ఏ ఫార్వర్డ్‌నైనా నమ్ముతారు.

అందుకే ఆ తమ్ముడికి నా జవాబు ఇది. కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కట్టాలని ప్లాను. వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఏపీ1000 రకం. కరెంటు పోయినా, ఆపరేటర్ ఏమీ చేయకపోయినా 72 గంటల పాటు దానంతటదే చల్లబడేలా, నీళ్ళ ట్యాంకు పైనే పెట్టి డిజైన్ చేశామని కంపెనీ చెప్తుంది. అంటే త్రీ మైల్ ఐలాండ్ దెబ్బకి మనిషి బుర్ర మీద ఆధారపడటం తగ్గించారన్నమాట. అది మంచి పనే అని నా ఉద్దేశం. కానీ రణస్థలం వైపు ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. మన దేశంలో అణు విద్యుత్ కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల వరకు ఎమర్జెన్సీ ప్లాను వేసి, ప్లాంటు బయటి ఊళ్ళతో కలిపి రెండేళ్ళకోసారి డ్రిల్ చేయడం పద్ధతి. ఆ 16 కిలోమీటర్లలోకి మీ ఊరు వస్తుందా? మ్యాప్ ఎక్కడ పెడతారు? సైరన్ ఎవరు మోగించాలి, ఆ మనిషి సెలవులో ఉంటే ఇంకెవరు? అయోడిన్ మాత్రలు ఎక్కడ ఉంచుతారు? అమ్మమ్మని, ఆవుని తీసుకుని ఏ రోడ్డున పోవాలి? గ్రామసభలో ఈ ప్రశ్నలు పెట్టండి, జవాబు కాగితం మీద అడగండి. నేల మీద ఉన్న ఆఫీసరుకి ఉత్తరం రాయొచ్చు. ఏలియన్‌కి రాయలేం కదా.

గుడ్లగూబ పిల్లల వీడియో మీ దగ్గర ఇంకా ఉంటే పంపండి, ఈసారి పక్షుల గురించి చేద్దాం. ఉంటాను మరి.