ఖాళీగా వదలిన గడి
(ఆలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఆలయపు ఆదివారం బడిలోనే నేను ఓనమాలు దిద్దుకొన్నాను. ఆ పిల్లను నేడు ఈ వేదికపై నిలబెట్టి మాట్లాడమన్న మీ వాత్సల్యానికి కృతజ్ఞురాలను. జనసముదాయాల ఆరోగ్యాన్ని పరిశోధించడం నా వృత్తి. వైద్యుడు ఒక రోగిని చూస్తాడు. మేము వేలమందిని ఏళ్ళ తరబడి గమనించి, ఎవరి అలవాట్లు ఎవరిని ఎక్కడికి చేర్చినవో లెక్క తీస్తాము. పండుగ పూట రోగాల మాటలేమిటని ఎవరైనా అనుకొంటే మన్నించాలి. ఆరోగ్యమే మహాభాగ్యమని చెప్పుకొనే జాతి మనది. ఆ భాగ్యాన్ని గూర్చి దేవుని సన్నిధిలో కాక మరెక్కడ నిజం చెప్పుకొంటాము?

ముందుగా ఒక సొంత విషయం. నా పందొమ్మిదవ ఏట విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు అక్కడి జి.పి. వద్ద ఒక పత్రం నింపవలసి వచ్చింది. మీ కుటుంబంలో మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఎవరికైనా ఉన్నవా అని అందులో ఒక గడి. మా తాతగారు యాభై రెండేళ్ళకే పోయారని తెలుసు. ఎందుకు పోయారంటే "వేళ వచ్చింది" అన్న మాటే విన్నాను. ఆ గడిని ఖాళీగా వదలివేశాను.

రెండేళ్ళ తరువాత, పూజ బీరువాలో కుంకుమ భరిణె వెనుక మా నాన్నగారి మందుబిళ్ళలు కనబడ్డాయి. అప్పటికి ఆయనకు మధుమేహం వచ్చి తొమ్మిదేళ్ళు. "ఎందుకు చెప్పలేదు నాన్నా?" అని అడిగాను. "అక్కకు సంబంధాలు చూస్తున్నాము గదమ్మా, నలుగురికీ తెలిస్తే ఏమనుకొంటారు?" అన్నారు. ఎవరి కంటా పడకూడదని ఆయన బిళ్ళలు సగం రోజులే వేసుకొనేవారు; కంటి పరీక్షకు పిలుపు వస్తే ఉత్తరం చించివేసేవారు. ఈనాడు ఆయన పెద్ద అక్షరాలు మాత్రమే చదువగలరు. ఈ సంచిక అచ్చయిన తరువాత నేనే చదివి వినిపించాలి. ఈ సంగతి మీ ముందు చెప్పడానికి ఆయన అనుమతి ఇచ్చారు.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే ఇక్కడ చెప్పవలసిన పని లేదు. కనుక లెక్కల వద్దకు వస్తాను.

అలవాటుకూ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని ఎట్లు కనుగొంటారో చెప్పడానికి లండన్ బస్సుల కథకు మించినది లేదు. జెర్రీ మోరిస్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1953లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. లండన్ నగరపు రెండంతస్తుల బస్సులో ఇద్దరు ఉద్యోగులు. డ్రైవరు పని వేళంతా కూర్చొని ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజంతా మెట్లు ఎక్కి దిగుతూ ఉంటాడు. ఇద్దరూ ఒకే సంస్థలో, ఇంచుమించు ఒకే సామాజిక స్థితిలో ఉన్నవారే. అయినా కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. వచ్చినా ప్రాణాంతకమయ్యేది తక్కువ.

అంతటితో మోరిస్ బృందం తృప్తి పడలేదు. లావుగా ఉన్నవారే డ్రైవరు కొలువుకు వెళ్ళుతున్నారేమో, తేడా పనిలో కాక మనిషిలోనే ఉన్నదేమో అని తమను తామే ప్రశ్నించుకొన్నారు. సంస్థ ఇచ్చే యూనిఫారపు ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించి చూశారు. నిజమే, డ్రైవర్ల నడుములు పెద్దవిగానే తేలినవి. ఆ సంగతిని దాచక 1956లో ప్రచురించారు. నడుము కొలతను లెక్కలోకి తీసుకొన్న తరువాత కూడ కండక్టర్ల వైపు మేలు మిగిలింది. తమ మాటకు ఎదురు సాక్ష్యాన్ని తామే వెదకడం, వెదకినది దాచకపోవడం ఈ శాస్త్రానికి ప్రాణం. వాట్సాప్‌లో వచ్చే చిట్కాకూ పరిశోధనకూ ఉన్న భేదం ఇదే.

ఇక మన సంగతి. పశ్చిమ లండన్‌లోని సౌతాల్ మీకందరికీ తెలిసిన ఊరే. 1980ల చివర అక్కడా, పరిసరాలలోనూ నలభై నుండి అరవై తొమ్మిదేళ్ళ మధ్య వారిని పరీక్షించారు. పాల్ మెక్‌కీగ్, ఆయన సహచరులు 1991లో ప్రకటించిన ఫలితం ఇది: ఐరోపీయులలో మధుమేహం 4 శాతం, దక్షిణాసియా వారిలో 19 శాతం. మనవారిలో కొవ్వు నడుము చుట్టూ ఎక్కువగా చేరుతున్నది. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నది, అనగా శరీరం దాని మాట వినడం లేదు. అదే జనాన్ని ఇరవై ఏళ్ళపాటు అనుసరించిన సబ్రే అధ్యయనం, ఎనభై ఏళ్ళ వయస్సుకు వచ్చేసరికి దక్షిణాసియా వారిలో మధుమేహం ఐరోపీయులకంటె సుమారు రెట్టింపు అని తేల్చింది.

అందుచేతనే మనకు కొలబద్ద కూడ వేరు. బరువుకూ ఎత్తు వర్గానికీ గల నిష్పత్తిని బి.ఎం.ఐ. అంటారు. సాధారణంగా 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం. ఇంగ్లాండు జి.పి. రికార్డులపై 2021లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం, శ్వేతజాతీయునికి 30 వద్ద ఉండే మధుమేహపు ప్రమాదం దక్షిణాసియా వ్యక్తికి సుమారు 23.9 వద్దనే ఉన్నది. అద్దంలో సన్నగా కనబడే మన కుర్రవాడు లెక్కలో సన్నవాడు కాకపోవచ్చు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడవలసినదే.

ఎందుకిట్లు? దీనికి ఒక జవాబు మన తెలుగు నేల మీదనే దొరికింది. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు సమీపంలోని గ్రామాలలో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయత్నం చేసింది. పదిహేను గ్రామాలలో గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా పెట్టారు; మరి పదునాలుగు గ్రామాలలో ఆ ఏర్పాటు అప్పటికి ఇంకా రాలేదు. ఆ పిల్లలు యౌవనానికి వచ్చిన తరువాత మరల కొలిచారు. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఎదిగారు. వారి శరీరం ఇన్సులిన్ మాట మెరుగుగా విన్నది. రక్తనాళాలు మెత్తగా ఉన్నవి. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు తిన్న తిండి యౌవనంలో రక్తనాళాలపై వ్రాత వ్రాస్తున్నదన్నమాట. మన తాతముత్తాతలు కరవు చూసినవారు. వారి మనుమలము సూపర్‌మార్కెట్టు ముందు నిలబడ్డాము. ఆ శరీరానికి ఈ సమృద్ధి క్రొత్త.

కాని నుదుటి వ్రాత అని చేతులు ముడుచుకోవడానికి వీలులేదు. చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం, మధుమేహపు గుమ్మంలో ఉన్న 531 మందిని మూడేళ్ళు అనుసరించింది. మామూలు సలహా మాత్రమే పొందినవారిలో 55 శాతం మధుమేహంలోకి వెళ్ళారు. నడక, భోజన నియమం పాటించినవారిలో 39 శాతం. విశేషమేమంటే, వారి బరువు పెద్దగా తగ్గనేలేదు. అయినా మేలు కలిగింది. కనుక తూకపు ముల్లు కదలలేదని నడక మానివేయకండి.

జబ్బు వచ్చిన తరువాత కూడ దారి మూసుకొనిపోదు. 1977లో మొదలైన యు.కె.పి.డి.ఎస్. అనే బ్రిటిష్ అధ్యయనం, క్రొత్తగా మధుమేహం బయటపడిన అయిదువేల పైచిలుకు మందిని అనుసరించింది. జబ్బు పేరు తెలిసిన నాటికే సుమారు సగం మందిలో ఏదో ఒక అవయవానికి హాని మొదలైనది. మధుమేహం నొప్పి లేకుండా పనిచేసే దొంగ. అయితే చక్కెరను మొదటినుండి గట్టిగా అదుపు చేసినవారిలో కళ్ళు, మూత్రపిండాల వంటి సూక్ష్మ రక్తనాళాల హాని నాలుగవ వంతు తగ్గింది. ఆ మేలు అధ్యయనం ముగిసిన పదేళ్ళకు కూడ నిలిచి ఉన్నది. తొలి ఏళ్ళలో తీసుకొన్న శ్రద్ధ వడ్డీతో తిరిగి వస్తుంది. తొలి ఏళ్ళలో దాచిన జబ్బు కూడ వడ్డీ వసూలు చేస్తుంది. మా నాన్నగారి తొమ్మిదేళ్ళు ఆ రెండవ ఖాతాలో పడినవి. 2017లో వెలువడిన డైరెక్ట్ అధ్యయనంలో, స్కాట్లాండు, టైన్‌సైడు ప్రాంతాల జి.పి. ల వద్ద బరువు తగ్గించే కార్యక్రమంలో చేరినవారిలో 46 శాతం మంది ఏడాది తరువాత మందులు లేకుండానే మధుమేహపు హద్దుకు దిగువన ఉన్నారు.

ఇంతవరకు చెప్పినది వ్యక్తి చేయవలసినది. సమాజం చేయవలసినది మరొకటి ఉన్నది. లండన్‌కు చెందిన జాఫ్రీ రోజ్ 1985లో ఒక వ్యాసంలో దీనిని వివరించారు. కొద్దిమంది తీవ్ర ప్రమాదంలో ఉంటారు. చాలమంది స్వల్ప ప్రమాదంలో ఉంటారు. అయినా మొత్తం రోగులలో ఎక్కువమంది రెండవ గుంపునుండే వస్తారు, ఎందుకంటే వారి సంఖ్య అపారం. కనుక తీవ్రంగా ఉన్నవారిని వెదకి మందివ్వడం చాలదు. అందరి సగటును కొద్దిగా కదపాలి.

తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన మారిషస్ ఆ పని చేసి చూపించింది. 1987లో అక్కడ జరిగిన సర్వేలో దీర్ఘవ్యాధుల ప్రమాదం బయటపడిన తరువాత, ప్రభుత్వం చౌకగా ఇచ్చే వంటనూనెను పామాయిలు పాలు ఎక్కువగా ఉన్నదానినుండి పూర్తిగా సోయా నూనెకు మార్చింది. 1992 నాటికి జనుల సగటు కొలెస్టరాల్ 5.5 నుండి 4.7కు దిగింది. ఏ ఇంటి ఇల్లాలికీ వంట నేర్పనక్కరలేకపోయింది. నూనె డబ్బాలోనిది మారింది, అంతే. నిజం మొత్తం చెప్పాలి గనుక ఇది కూడ చెబుతాను: అదే కాలంలో స్థూలకాయం తగ్గలేదు, పెరిగింది. ఒక్క మార్పు అన్నింటినీ బాగుచేయదు.

మన ఆలయ వంటశాల కూడ ఒక చిన్న మారిషస్సే. ఆదివారంనాడు ఎన్ని వందల మందికి ఒకే గంగాళంలో పులిహోర కలుపుతామో ఆలోచించండి. ఆ గంగాళంలో ఒక గరిటె నూనె, ఒక గుప్పెడు ఉప్పు తగ్గితే అది అందరి విస్తళ్ళలోనూ తగ్గుతుంది. స్వామికి చక్రపొంగలి నైవేద్యం పెట్టవద్దని నేను అనను. ప్రసాదం దొప్పలో ఇచ్చేది; పళ్ళెంలో వడ్డించేది భోజనం. ఆ రెంటి మధ్య హద్దును మనమే చెరిపివేశాము. పప్పు, కూర, పెరుగు ఎక్కువ, అన్నం తక్కువ అయిన విస్తరి సంప్రదాయానికి విరుద్ధం కాదు.

నా తరం వారికి నాలుగు మనవులు.

ఒకటి, ఇంటికి వెళ్ళి అడగండి. తాతగారికి ఏమైనది, ఎన్నవ ఏట, అమ్మకు గర్భిణిగా ఉన్నప్పుడు చక్కెర వచ్చిందా అని. ఆ గడిని నింపడం మీ పిల్లలకు మీరు ఇచ్చే ఆస్తి.

రెండు, పరీక్ష చేయించుకోండి. ఇంగ్లాండులో నలభై నుండి డెబ్బై నాలుగేళ్ళవారికి అయిదేళ్ళకొకసారి ఉచిత ఆరోగ్య పరీక్ష ఉన్నది. దక్షిణాసియా మూలాలవారు ఇరవై అయిదేళ్ళనుండే తమ ప్రమాదాన్ని అంచనా వేయించుకోవాలని ఇక్కడి మార్గదర్శకాలు చెబుతున్నవి. నలభై దాకా వేచి ఉండకండి.

మూడు, ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా దింపే బిళ్ళలు గాని వాడేవారు ఏకాదశికో కార్తీక సోమవారానికో ఉపవాసం ఉండదలిస్తే ముందుగా జి.పి.తోనో నర్సుతోనో మాట్లాడాలి. తల్లిదండ్రులకు ఈ మాట మీరే చెప్పాలి. దైవం భక్తినే కోరుతుంది, స్పృహ తప్పి పడిపోవడం కోరదు.

నాలుగు, పరిశోధనకు పిలిస్తే వెళ్ళండి. అయిదు లక్షలమంది పాల్గొన్న యు.కె. బయోబ్యాంక్‌లో తొంభై శాతానికి పైగా శ్వేతజాతీయులే. సౌతాల్ అధ్యయనంలో పంజాబీలను, గుజరాతీలను వేరుగా లెక్కించారు. తెలుగువారికి వేరే వరుస లేదు. కుటుంబ పత్రంలో గడి ఖాళీగా వదలినట్లే, దేశపు లెక్కలోనూ మన గడి ఖాళీగా ఉన్నది. మనము లేని లెక్క మనకు సరిగా పనికిరాదు.

మా అక్క పెళ్ళి చక్కగా జరిగింది. మా బావగారి తండ్రికి కూడ మధుమేహమేనని పెళ్ళయిన తరువాత తెలిసింది. వారు కూడ మాకు తెలియనివ్వలేదు! రెండు కుటుంబాలు ఒకరినుండి ఒకరు దాచుకొన్నది ఒకే జబ్బు. నేడు ఆ వియ్యంకులిద్దరూ కలిసి రోజూ ఉదయం నడకకు వెళ్ళుతున్నారు. చూపు తగ్గిన మా నాన్నగారి చేయి ఆయన పట్టుకొంటారు. ఆ నడక పదేళ్ళ ముందే మొదలై ఉంటే, చేయి పట్టుకోవలసిన అవసరం ఉండేది కాదేమో.

ఈ ప్రసంగం చేస్తానని చెప్పినప్పుడు మా నాన్నగారు అన్నారు: "చెప్పు తల్లీ. నేను దాచినది నీవైనా చెప్పు." ఆయన ఆజ్ఞను పాటించాను. స్వామివారి అనుగ్రహం మీ అందరిపై ఉండుగాక.

స్వస్తి.